పులస పిల్లకు తిరుగుదారి ఏది?

గోదావరికి ఎర్రనీరు రాగానే సముద్రంలోని విలస ఏటికి ఎదురెక్కి పులస అవుతుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత పుట్టిన గడ్డ ఇది. ఇప్పుడు వల వేసిన పడవ వట్టి చేతులతో ఒడ్డుకు వచ్చే రోజులే ఎక్కువని మత్స్యకారులు మొరపెట్టుకుంటున్నారు. చేప ధర విని నోరు వెళ్లబెట్టేవారే కాని, చేప ఎందుకు తగ్గిందని అడిగేవారు తక్కువ.

పులస ఏటికి వచ్చేది గుడ్లు పెట్టడానికి. పిల్లలు కొన్ని నెలలు మంచినీటిలో పెరిగి సముద్రానికి తిరిగిపోతాయి. కనుక ఈ చేపకు ఎక్కే దారి ఒకటి, దిగే దారి ఒకటి కావాలి.

ఎక్కే దారికి అడ్డం ఈనాటిది కాదు. ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. ఏళ్ల మీద ఆనకట్టలు ఎదురెక్కే చేపలకు అడ్డమని ఫ్రాన్సిస్ డే అనే వైద్యుడు 1873 నాటి నివేదికలోనే రాశారు. ఇప్పటి బ్యారేజికి 175 గేట్లు. వరదకు గేట్లు ఎత్తితే చేపకు సందు, దించితే గోడ. ఎగువన పోలవరం స్పిల్‌వేలో పులస కోసం చేపల మెట్లు కట్టారు. సంతోషమే. కాని ధవళేశ్వరం దాటలేని చేపకు పోలవరంలో మెట్లుండి ఏం లాభం? పైగా పులస గెంతే చేప కాదు. దానికి మెట్ల కన్నా పడవల లాకు వంటి ఏర్పాటు నయం. గంగానదిపై ఫరక్కా వద్ద కొత్త పడవల లాకును ఈ చేప దాటేందుకు వీలుగా నడుపుతామని కేంద్రం 2019లో ప్రకటించింది.

దిగే దారి గురించి మాట్లాడేవారే లేరు. దాళ్వా రోజుల్లో ఏటిలో నీరు తగ్గుతుంది. గేట్లు దించి, ఉన్న నీటిని మూడు డెల్టాల కాలువలకు మళ్లిస్తారు. చేపపిల్ల నీటి వాలునే పోతుంది. సముద్రం వైపు వాలు లేకపోతే కాలువ తూములో పడుతుంది. అక్కడి నుంచి బోదెకు, బోదె నుంచి చేలోకి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మడుగుల్లో చిన్న చేపలు పట్టడం ఊళ్లలో పిల్లలకు పండగే. అవి పెరిగి ఏటికి తిరిగి రావలసిన చేపలని ఎవరికీ తోచదు.

అమెరికాలో యాకిమా లోయ రైతులకూ ఇదే చిక్కు వచ్చింది. అక్కడ సాల్మన్ చేపపిల్లలు సాగు కాలువల్లో పడి చచ్చేవి. 1980లలో కాలువల మొగలో గుండ్రంగా తిరిగే జల్లెడలు పెట్టారు. నీరు చేలకు పోతుంది, పిల్ల పక్క గొట్టం గుండా ఏటికి చేరుతుంది. రైతుకు నీరు ఆగలేదు.

ఇక్కడ గుర్రపుడెక్క జల్లెడకు అడ్డం పడుతుందని, సీలేరు నీటితో గట్టెక్కే దాళ్వాలో చుక్క కూడా వదలలేమని రైతులు అనవచ్చు. ఆ భయం సబబే. అందుకే ముందు ఒక్క తూము వద్దే పెట్టి చూడాలి. నాచు తీయడానికి మనిషిని పెట్టాలి. జల్లెడ నీటిని తాగదు, పక్క గొట్టానికి కావలసింది కొద్ది నీరే.

వచ్చే దాళ్వాలో ధవళేశ్వరం, బొబ్బర్లంక, విజ్జేశ్వరం తూముల వద్ద నీటిపారుదల, మత్స్య శాఖలు కలిసి సన్నకన్ను వలలు కట్టి, ఎన్ని పులస పిల్లలు పడుతున్నాయో లెక్క తీయాలి. ఆ లెక్క మత్స్యకారుల ముందు, నీటి సంఘాల ముందు పెట్టాలి. కాలువలు కట్టేసిన రోజుల్లోనే మొదటి జల్లెడ బిగించాలి. చేను పండాలి, పులసా బతకాలి. రెంటికీ సరిపడే గోదావరి ఇది.