కొత్తగా చేరినవాళ్ళకు వారం వారం చిన్న పరీక్ష కావాలి

మన కటవారియా సరాయ్ సందుల్లో గేట్ పరీక్షకు చదివే తెలుగు అన్నయ్యలు, అక్కయ్యలు చాలామంది కనిపిస్తారు. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ వాళ్ళ సిలబస్‌లో ‘కంట్రోల్ సిస్టమ్స్’ అనే పాఠం ఉంటుంది. అందులోని అసలు సంగతి మన బడికీ పనికొస్తుందని నా అభిప్రాయం.

అరచేతిలో ఒక కర్రను నిలబెట్టి చూడండి. అది ఎటు ఒరిగితే చెయ్యి అటు జరపాలి. చూడటం, సరిచేయడం, మళ్ళీ చూడటం. దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. కొంచెం ఒరిగినప్పుడు కొద్దిగా జరిపితే చాలు. బాగా ఒరిగిపోయాక ఆ లెక్క పనిచేయదు. ఇలాంటివాటిని నాన్‌లీనియర్ వ్యవస్థలంటారు. పొడుగు కర్ర కంటే పొట్టి కర్ర త్వరగా పడిపోతుంది. కాబట్టి దాన్ని ఇంకా త్వరత్వరగా చూసుకోవాలి.

రాకెట్టూ అలాంటిదే. శ్రీహరికోట నుంచి లేచే 44 మీటర్ల పీఎస్‌ఎల్‌వీ ఒరిగిపోకుండా కంప్యూటర్ చూసుకుంటుంది. కంప్యూటర్ ఎడతెగకుండా చూడదు. సెకనులో చిన్న భాగానికోసారి కొలిచి, లెక్కగట్టి, ఆజ్ఞ ఇస్తుంది. కొలత ఆలస్యమైతే ఆ ఆజ్ఞ పాత ఒరుగుకు జవాబవుతుంది, ఇప్పటిదానికి కాదు.

1993 సెప్టెంబర్ 20న మొదటి పీఎస్‌ఎల్‌వీ బంగాళాఖాతంలో పడింది. రెండో దశ విడిపోయేటప్పుడు పెద్ద కుదుపు వచ్చింది. దాన్ని సరిచేయవలసిన సాఫ్ట్‌వేర్‌లో ఒక పొరపాటు ఉండటంతో లెక్క హద్దు దాటిపోయింది. శాస్త్రవేత్తలు కారణం వెతికి సరిదిద్దారు. 1994 అక్టోబర్ 15న రెండోది విజయవంతమైంది.

బదిలీ కూడా ఒక కుదుపే. నాన్నకో అమ్మకో ఆర్డరు వస్తే, నడి సంవత్సరంలో కొత్త బడి, కొత్త స్నేహితులు, సగం అయిపోయిన పాఠాలు. అప్పుడు మనం పొట్టి కర్రలం. కానీ యూనిట్ టెస్టు పేపరు చేతికి వచ్చేసరికి ఇంకో రెండు పాఠాలు అయిపోతాయి. ఒక్కసారి మార్కులు తగ్గితే ఇంట్లో మూడు ట్యూషన్లు పెట్టేస్తారు. చెయ్యి మరీ ఎక్కువ జరిపితే కర్ర రెండో వైపు పడుతుంది కదా!

అందుకే కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రెండు నెలలు వారానికోసారి, ఒక్కో సబ్జెక్టులో ఐదు ప్రశ్నల పరీక్ష పెట్టాలి. మార్కులు రిపోర్టు కార్డులో కలపనక్కర్లేదు. పేపరు మాత్రం మర్నాడే ఇవ్వాలి. నలభై మంది ఉన్న తరగతిలో టీచర్లకు తీరిక ఎక్కడిదని అడగవచ్చు. కొత్తవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఐదు జవాబులు పక్క బెంచీ స్నేహితుడైనా దిద్దగలడు, ఆ వంకతో స్నేహమూ కలుస్తుంది.

ఏడాది చివర వచ్చే మార్కులు పిల్లవాడు ఎక్కడ వెనకబడ్డాడో చెబుతాయి. అది వారంలోపే తెలిస్తే వెనకబడకుండానే ఆపవచ్చు.