ఒకే ముహూర్తం

శ్రీకాకుళం జిల్లాలో పలాస, టెక్కలి పట్టణాలకు తూర్పున, సముద్రతీరాన్ని ఆనుకొని ఉన్న ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు ప్రసిద్ధి చెందింది. 'ఉద్యానం' అన్న సంస్కృత పదమే జనుల నాలుకపై 'ఉద్దానం' అయిందని పెద్దలంటారు. ఈ తీరంలోనే, వజ్రపుకొత్తూరు మండలంలో, నువ్వలరేవు అనే మత్స్యకార గ్రామం ఉన్నది. అక్కడి వివాహపద్ధతి తెలుగునాట అరుదైనది.

ఆ ఊరి పిల్లకు ఆ ఊరి పిల్లవానితోనే సంబంధం కుదురుతుంది. పెళ్లిళ్లు ఏటేటా జరగవు. రెండు మూడేళ్లకొకసారి, గ్రామపెద్దలు నిర్ణయించిన ఒకే ముహూర్తాన, పదుల సంఖ్యలో జంటలు ఒక్కటవుతాయి. అన్నిటికంటె విశేషమేమంటే, వరుడు వధువుకు తాళి కట్టిన పిమ్మట, వధువు కూడా వరుని మెడలో మూడు ముళ్లు వేస్తుంది. శాస్త్రజ్ఞులకు ఇది వింతగా తోచవచ్చును. కాని గృహ్యసూత్రాలు పాణిగ్రహణానికి, సప్తపదికి ఇచ్చినంత ప్రాధాన్యం మంగళసూత్రధారణకు ఇవ్వలేదు. ఆచారం శాస్త్రం కన్న ముందు నడవడం లోకంలో కొత్త కాదు.

సుదూరమైన మెక్సికో దేశంలోనూ ఇటువంటి భావమే మరొక రూపంలో కనిపిస్తుంది. అక్కడి క్రైస్తవ వివాహాలలో 'లాసో' అనే దండను ఎనిమిది అంకె ఆకారంలో మెలివేసి, వధూవరులిద్దరి భుజాలపై కలిపి వేస్తారు. ఆ దండ వేసేవారిని 'పద్రినో'లు అంటారు. వీరు వట్టి సాక్షులు కారు. ఉంగరాలు ఒకరు, విందులోని తీపి వంటకం ఒకరు, వాద్యగోష్ఠి మరొకరు భరించి, పెళ్లిభారాన్ని బంధుమిత్రులే పంచుకొంటారు. ఫిబ్రవరి 14న అనేక జంటలకు ప్రభుత్వ రిజిస్ట్రారు కార్యాలయాలు సామూహికంగా వివాహాలు జరిపించే వాడుక కూడా అక్కడ ఉన్నది.

భారాన్ని పంచుకోవడమన్న ఈ ఒక్క గుణం కోసమైనా నువ్వలరేవు పద్ధతిని మెచ్చుకోవాలి. పలాస, టెక్కలి పరిసరాల్లో సామాన్య కుటుంబం ఒక ఆడపిల్ల పెళ్లికి చేసే అప్పు తీరడానికి ఏళ్లు పడుతుంది. కట్నాన్ని 1961లోనే చట్టం నిషేధించింది. మాట మారింది గాని మూట మారలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటినపుడు కూలిన కొబ్బరిచెట్లు ఎందరి ఇళ్లలోనో పెళ్లికి ఆధారమైన ఆస్తి. కొత్తగా నాటిన మొక్క కాపుకు రావడానికి కొన్నేళ్లు కావాలి. పెళ్లీడుకొచ్చిన పిల్ల ఉన్న తండ్రికి ఆ నిరీక్షణ ఎంత దీర్ఘమో చెప్పనలవి కాదు.

ఊరంతా కలిసి చేసే పెళ్లికి మరొక ప్రయోజనం కూడా ఉన్నది. ఈ తీరపు మత్స్యకారులలో పలువురు బ్రతుకుతెరువుకై గుజరాత్ లోని వెరావల్ వరకు వలసపోతారు. 2018 నవంబరులో వేటకు వెళ్లి పాకిస్తాన్ అధికారులకు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులలో 20 మంది 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. పురుషులు ఏడాదిలో అధికభాగం దూరాన ఉండే చోట, అందరూ ఊరు చేరే సమయాన అన్ని శుభకార్యాలూ జరగడం ఎంతైనా ఉచితం. పిలుపులు, పందిళ్లు, వంటలు ఒకరి ఇంటివి కాక అందరివీ అవుతాయి.

అయితే పొగడ్తకు హద్దుండాలి. ఒకే ఊరిలో సంబంధమంటే ఎంపికకు అవకాశం తక్కువ. ముహూర్తం తప్పితే మళ్లీ రెండు మూడేళ్లు ఆగవలసి ఉంటుంది కనుక, పదహారేళ్ల పిల్లను ఈ విడతలోనే కలిపేద్దామన్న తొందర ఇటువంటి పద్ధతిలో ఎక్కడైనా పుట్టవచ్చును. ఆ తొందరకు 2006 నాటి చట్టం అడ్డు నిలుస్తుంది; కన్యకు 18, వరునికి 21 నిండాలి. పోతన భాగవతంలో రుక్మిణి, అన్న కుదిర్చిన సంబంధాన్ని కాదని, అగ్నిద్యోతనుని ద్వారా తన మనసు శ్రీకృష్ణునికి తెలియజేసింది. ఆ ఘట్టాన్ని పెళ్లి కావలసిన కన్యల చేత భక్తితో పారాయణ చేయించే ఇళ్లలోనే, పిల్ల ఇష్టమేమిటని అడిగే అలవాటు లేకపోవడం విచిత్రం!

వరుని మెడలో మూడు ముళ్లు వేసే హక్కును వధువుకిచ్చిన గ్రామం, ముహూర్తం నిశ్చయించే పెద్దల సభలోనూ ఆమెకొక పీట వేయగలదు. ఆమె చదువు పూర్తికాలేదంటే వచ్చే విడత ఎలాగూ ఉన్నది.