ఘోషా స్త్రీయు గుర్తింపు పత్రమును

సంగారెడ్డి జిల్లాలోని ముత్తంగి, ఇస్నాపూరు, పాశమైలారము దారుల వెంబడి ఒకనాడు జొన్నచేలై యుండిన నేల నేడు గజముల లెక్కన చేతులు మారుచున్నది. ఆ మార్పిడికి ప్రభుత్వముద్ర పడు రిజిస్ట్రేషను కార్యాలయమున అమ్మువారును కొనువారును బల్లమీది చిన్న కెమెరా యెదుట కూర్చుండి ముఖమును, వ్రేలిముద్రను ఒప్పగింపక తప్పదు. తండ్రి యిచ్చిన నూటయేబది గజముల స్థలము నమ్ముకొనుటకో, కుమారుని పేర దానపత్రము వ్రాయుటకో నఖాబు ధరించిన స్త్రీ యొకతె అచ్చటికి వచ్చినదనుకొందము. ఆమె వెనుక దస్తావేజు లేఖరి, ప్లాట్ల మధ్యవర్తులు, సాక్షులు, తరువాతి వంతువారు గుంపుగా నిలిచియుందురు. "అమ్మా, నఖాబ్ జర తియ్యుండ్రి" అని గుమాస్తా అందరును వినునట్లు పలుకును. అతడు చెడ్డవాడు కాడు. చట్టము కోరినదానినే కోరుచున్నాడు. అయినను, తన యాస్తిపై తనకు గల హక్కును వినియోగించుకొనుటకై, బ్రతుకంతయు పాటించిన నియమమును పదిమంది పరపురుషుల నడుమ విడువవలసిన యవస్థ ఆమెకు ఏల కలుగవలయును? ఇందుకు కారణము చట్టమా, చట్టమును నడపు పద్ధతియా? దోషము పద్ధతియందే కలదని నా దృఢమైన యభిప్రాయము.

1908వ సంవత్సరమున పుట్టిన రెండు చట్టములు ఈ విషయమును మనకన్న ముందే యాలోచించినవి. దేశాచారమును బట్టి బహిరంగముగ కనబడరాని స్త్రీలను న్యాయస్థానమునకు స్వయముగ హాజరగుటనుండి సివిల్ ప్రొసీజర్ కోడు 132వ సెక్షను మినహాయించినది. అట్టి మినహాయింపు గలవారిని కార్యాలయమునకు రప్పింపక, అధికారి తానే వారి యింటికి పోయి గాని, కమీషనును పంపి గాని విచారింపవలెనని రిజిస్ట్రేషను చట్టము 38వ సెక్షను విధించినది. తొంబదిమూడేండ్లు గడచిన పిమ్మట, 2001లో, అదే చట్టమున 32-ఏ సెక్షను చేరి, దస్తావేజు దాఖలు చేయువారి పాస్‌పోర్టు సైజు ఛాయాచిత్రమును, వ్రేలిముద్రలను దానికి జతపరుపవలెనని శాసించినది. ఈ రెండు నిబంధనలకును పొసగని వైరుధ్యమేమియు లేదు; ఇంటికి వెళ్లిన అధికారి అచ్చటనే ఛాయాచిత్రమును తీయించుకొనవచ్చును. కాని క్రొత్త సెక్షను ప్రతి గుమాస్తాకును కంఠస్థము. పాత సెక్షను చట్టగ్రంథములోనే యుండిపోయినది.

ఛాయాచిత్రమును నేను తక్కువ చేసి చూడను. గజము ధర వేలకు పెరిగినచోట, వేరొకతెకు బురఖా తొడిగించి తెచ్చి యజమానురాలు ఈమెయే యని నమ్మించి వ్రాయించుకొనదలచు మోసగానికి ముసుగు మిక్కిలి యక్కరకు వచ్చును. ఘోషా స్త్రీని ముందుగా కాపాడవలసినది ఇట్టివారి బారినుండియే. బ్రిటిషు కాలమున ప్రీవీ కౌన్సిలు పలు తీర్పులయందు స్థిరపరచిన సూత్రము కూడ ఈ భయమునుండియే పుట్టినది: పరదాలోనున్న స్త్రీ చేత దస్తావేజు వ్రాయించుకొన్నవాడే, ఆమె దాని భావము నెఱిగి, స్వబుద్ధితో సమ్మతించినదని ఋజువు చేయవలెను. అనగా, పరదా చాటున జరుగు మోసమునకు విరుగుడు పరదాను చించుట కాదనియు, భారమును ఎదుటివాని మీద మోపుట యనియు ఆనాటి న్యాయమూర్తులే గ్రహించిరి. నేటి ఛాయాచిత్రము ఆ రక్షణకు తోడు నిలువదగినదే. అయితే దానిని ఎవరు తీయుదురు, ఎవరు చూతురు, ఎక్కడ దాతురు అను మూడు మాటలు తేలనంతవరకు అది రక్షణయో శిక్షయో ఆమెకు తెలియదు.

ఇది ఒక్క మతమువారి తగవని తలచువారు మన పెద్దల యిండ్ల చరిత్రను మరచినవారు. విశాఖపట్టణమున నేటికిని ఘోషా ఆసుపత్రి యను పేరు జనుల నోట నిలిచియున్నది. కోస్తా జిల్లాల క్షత్రియ కుటుంబములలోను, జమీందారీ లోగిళ్లలోను ఘోషా యెంత కఠినముగ నడచెనో పెద్దవారికి తెలియును. ఇక ముఖమటుండగా, పేరు చెప్పుటకే యొప్పుకొనని కాలము నొకటి మన గణతంత్రము చూచినది. 1951-52 నాటి మొదటి సార్వత్రిక యెన్నికలకై జాబితాలు తయారగుచున్నప్పుడు, ఉత్తర భారతమున అనేక స్త్రీలు ఫలానావాని భార్య, ఫలానావాని తల్లి యని మాత్రమే వ్రాయించుకొని స్వంతపేరు నియ్య నిరాకరింపగా, ఎన్నికల ప్రధానాధికారి సుకుమార్ సేన్ ఆ నమోదులను అంగీకరింపలేదు. సుమారు 28 లక్షల స్త్రీలు ఓటు కోల్పోయిరి. ఆ కఠినత్వము వలన తరువాతి తరము పేరు చెప్పుటకు అలవాటుపడినదని మెచ్చుకొనువారు కలరు. ఆ మెప్పులో కొంత సత్యము లేకపోలేదు. కాని తరువాతి తరము పొందిన లాభమునకు మూల్యము చెల్లించినవారు ఆ 28 లక్షల మంది. వారిని ఎవరును అడిగి చెల్లింపజేయలేదు.

1993లో ఎన్నికల ప్రధానాధికారి శేషన్‌గారి యాదేశముతో ఓటరు కార్డు వచ్చినప్పుడు ఈ ప్రశ్న పేరునుండి ముఖమునకు మారినది. జాబితాలలో ముస్లిం ఘోషా స్త్రీల ఛాయాచిత్రములు అచ్చు వేయరాదని తమిళనాటినుండి ఒక వ్యాజ్యము మద్రాసు హైకోర్టుకు చేరగా, ముఖమును కప్పుట మతమున తప్పనిసరి విధి కాదని తలచి 2006లో న్యాయస్థానము దానిని కొట్టివేసినది. 2010 జనవరిలో సుప్రీంకోర్టున విచారణ సందర్భమున, ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ గల ధర్మాసనము, అంత బలమైన మతభావమున్నవారు ఓటు వేయుటకే పోరాదన్న భావమున వ్యాఖ్యానించినది. అత్యున్నత న్యాయస్థానము పట్ల గౌరవము చెడకుండగనే చెప్పుచున్నాను: ఆ మాట నాకు సమ్మతము కాదు. హజ్ యాత్రకు పోవు స్త్రీ పాస్‌పోర్టు కొఱకు ఛాయాచిత్రము దిగుచున్నది. అవసరమును గుర్తించు వివేకము ఆ మతమునందే కలదు. ఆమె యాక్షేపణ అధికభాగము కెమెరాపై కాదు, చిత్రము ఎవరి చేతులలో తిరుగునో అన్నదానిపై. ఆ వ్యాజ్యపు ప్రాణము కూడ అదియే. అభ్యర్థి యేజెంటు చేతి జాబితాలో తన ముఖముండుట యిష్టము లేని స్త్రీకి మతముతో నిమిత్తము లేకయే ఆక్షేపించు హక్కు కలదు.

ఇతర దేశముల యనుభవము ఇక్కడ కొంత పనికి వచ్చును. కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రమున, ఛాయాచిత్రము దిగుట దైవాజ్ఞకు విరుద్ధమని నమ్మిన హటరైటులను క్రైస్తవ శాఖవారు డ్రైవింగు లైసెన్సుకై పోరాడి, 2009లో సుప్రీంకోర్టున నలుగురికి ముగ్గురుగా ఓడిపోయిరి. లైసెన్సు గల డ్రైవరును కూలికి పెట్టుకొనవచ్చునని కోర్టు తలచినది. బండి నడపుటకు మనిషిని పెట్టుకొనవచ్చును గాని ఓటు వేయుటకు పెట్టుకొనుటకు వీలులేదు. అందుచేతనే కాబోలు, ఓటుకు ఛాయాచిత్ర పత్రమును తప్పనిసరి చేసిన అమెరికా ఇండియానా రాష్ట్రము సైతము, మతవిశ్వాసముచే ఛాయాచిత్రము దిగనివారు తాత్కాలిక ఓటు వేసి, పది దినములలో ప్రమాణపత్ర మిచ్చినచో లెక్కింపవలెనని మినహాయింపు నుంచినది.

మన నిబంధనలు ఇంతకన్న దయగలవి. అది చాలమందికి తెలియదు. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమములలో 34వది స్త్రీ ఓటర్లకు తోడ్పడుటకు స్త్రీని నియమించు అధికారమిచ్చుచున్నది. పోలింగు అధికారుల కరదీపిక, ఘోషా స్త్రీలు హెచ్చుగా నున్నచోట మహిళా అధికారిచేత చాటున గుర్తింపజేసి, సిరా చుక్క పెట్టింపవలెననియు, ఆ చాటునకు నులకమంచములో గుడ్డలో వాడుకొనవచ్చుననియు సూచించుచున్నది. ఇక ఓటరును అనుమానించు ఏజెంటు 36వ నియమము ననుసరించి ప్రిసైడింగు అధికారి యొద్ద రెండు రూపాయలు కట్టి ఆక్షేపింపవలెను, విచారించువాడు అధికారియే. 2024 మే 13న హైదరాబాదు లోక్‌సభ స్థానపు భారతీయ జనతా పార్టీ అభ్యర్థిని మాధవీలత పోలింగు కేంద్రమున బురఖా స్త్రీల నఖాబు తీయించి కార్డులతో సరిచూచినప్పుడు, అభ్యర్థినిగా తనకు ఆ యధికారము కలదని వాదించినది. మలక్‌పేట పోలీసులు కేసు పెట్టిరి. దొంగ ఓటు భయము నిజమే కావచ్చును. కాని ఆ భయమును తీర్చు మార్గము రెండు రూపాయల రసీదే గాని, పోటీదారు చేయి కాదు. 2025 బీహారు యెన్నికలకు బురఖా స్త్రీలను గుర్తించు పనికి అంగన్‌వాడీ కార్యకర్తలను నియోగింతుమని ఎన్నికల సంఘము ప్రకటించుట సరియైన నడక.

యంత్రములతో ఈ చిక్కు తీరునను ఆశ కొందరికి కలదు. 2020 జనవరిలో కొంపల్లి పురపాలక యెన్నికలలో పది కేంద్రములందు ముఖగుర్తింపు యంత్రమును పరీక్షించిరి. అయితే యంత్రము ముందైనను నఖాబు తీయవలసినదే. ఎవరి సమక్షమున నను ప్రశ్న అట్లే యుండును. ముఖమొక్కటియే గుర్తింపు కాదనుటకు పాశమైలారమే బాధాకరమైన సాక్ష్యము: 2025 జూన్ 30 నాటి ఔషధ కర్మాగారపు విస్ఫోటనమున చనిపోయిన కార్మికులలో అనేకులను డీఎన్‌ఏ పరీక్షవలననే గుర్తింపగలిగిరి.

కావున సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాదు, పటాన్‌చెరు పోలింగు కేంద్రములలో నేను కోరునది క్రొత్త చట్టము కాదు. ఆ పట్టణముల వీధులలో ఇంటింటిని ఎఱిగిన అంగన్‌వాడీ టీచర్లే పలుచోట్ల బూతుస్థాయి ఎన్నికల అధికారులుగా (బీఎల్‌ఓలుగా) నున్నారు. పోలింగునాడు తెరచాటున వారిలో నొకరిని కూర్చుండబెట్టుటకు ఖర్చు లేదు. రిజిస్ట్రేషను కార్యాలయమున ఒక మహిళా ఉద్యోగిని, కెమెరా చుట్టు ఒక తెర, 38వ సెక్షను క్రింద ఇంటికి వచ్చి విచారించు సదుపాయము కలదని తెలుగు, ఉర్దూలలో ఒక పలక యుండిన చాలును. ఇవన్నియు సమకూర్చిన పిమ్మట సాటి స్త్రీకి సైతము ముఖము చూపనన్నవారి వాదమును నేను సమర్థింపను. అవి సమకూర్చక ముందు ఏ గుమాస్తాయు ఆమెను గుమ్మమునుండి త్రిప్పిపంపరాదు.