ఇంట్లో రెండు హాల్‌టికెట్లు

2017, 2018, 2019. ఈ మూడేళ్లూ వరసగా పదో తరగతి ఫలితాల్లో రాష్ట్రంలో మొదటి స్థానం జగిత్యాల జిల్లాదే. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాగా ఏర్పడి ఏడాది తిరక్కముందే పేరు తెచ్చుకుంది. 2019లో ఉత్తీర్ణత 99.73 శాతం. రాష్ట్ర సగటు 92.43 ఉన్న ఏడాది అది. వెయ్యి మంది రాస్తే తప్పినవాళ్లు ముగ్గురు కూడా లేరన్నమాట.

టీచర్లు, పిల్లలు, తల్లిదండ్రులు అందరూ గర్వపడాల్సిన సంగతే. కానీ ఇదే లెక్కను ఇంకోవైపు నుంచి చూడండి. అందరూ పాసయ్యే ఊళ్లో పాసైనందుకు ఎవరూ భుజం తట్టరు. "పాసైతే అయినవ్ గని, మార్కులెన్ని?" అనే అడుగుతారు. ఇక తప్పిన ఆ ఇద్దరు ముగ్గురు వాడకట్టులో తలెత్తి నడవలేరు. ఉత్తీర్ణత శాతం పెరిగే కొద్దీ ఫెయిలైనవాళ్లు ఇంకింత ఒంటరివాళ్లవుతారు. ఆ పిల్లల్ని పట్టుకొని నిలబెట్టాల్సింది ఇల్లే.

ఉద్యోగాల కోసం చూస్తున్న మీకు ఈ మాటెందుకు అనుకోవచ్చు. ఎందుకంటే మన దగ్గర చాలా ఇళ్లల్లో ఆ పని మీ మీదే పడుతోంది.

జగిత్యాల, కోరుట్ల వైపు ఎన్నో ఇళ్లల్లో బాపు దుబాయ్‌లోనో సౌదీలోనో ఉంటాడు. ఇంటి దగ్గర అమ్మ చాట ముందు పెట్టుకొని తునికాకు కత్తిరిస్తూ, వెయ్యి బీడీల లెక్క పూర్తి చేసే తొందరలో ఉంటుంది. సిరిసిల్లలో అయితే నాన్న సాంచాల మీద పన్నెండు గంటల షిఫ్టు చేసి వస్తాడు. వీళ్లకు పిల్లల చదువు మీద ధ్యాస లేదని ఎవరంటారు? ఆ చాట, ఆ సాంచ, ఆ పరదేశం అన్నీ పిల్లల చదువు కోసమే కదా. కాకపోతే ఏ సబ్జెక్టుకు ఎంత సమయం కావాలో, రీకౌంటింగ్ అంటే ఏమిటో, సప్లిమెంటరీకి ఫీజు ఎప్పటిలోగా కట్టాలో వాళ్లకు తెలియదు. ఇంట్లో అవి తెలిసింది ఒక్కరికే. డిగ్రీయో బీటెక్కో పూర్తి చేసి, నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ అదే గదిలో ఇంకో మూలన చదువుకుంటున్న అన్నకో అక్కకో. అంటే మీకే.

తమ్ముడికో చెల్లెకో పది, ఇంటర్ హాల్‌టికెట్. మీకు కానిస్టేబుల్‌దో, గ్రూప్స్‌దో, డీఎస్సీదో హాల్‌టికెట్. ఇల్లు ఒక్కటే. కూలర్ ఒక్కటే. ఒకోసారి ఫోన్ కూడా ఒక్కటే.

మీ పేరుతోనే బెదిరింపు

ఇలాంటి ఇళ్లల్లో ఒక మాట తరచూ వినబడుతుంది. "మంచిగ చదువకపోతే నువ్వు గూడ మీ అన్న లెక్క ఇంట్ల కూసుంటవ్." తల్లిదండ్రులు భయంతో అనే మాటే ఇది. కానీ ఒక్క మాటతో ఇద్దరికి దెబ్బ తగులుతుంది. మీకు అవమానం. చిన్నవాళ్లకేమో, ఇంత చదివినా అన్నకే దిక్కులేదు, నా చదువుతో ఏమైతది అనే అనుమానం.

అక్కడికక్కడే అమ్మతో గొడవ పెట్టుకుంటే చదివే పిల్లకు ఆ రాత్రి చదువు పోయినట్టే. తమ్ముడో చెల్లెనో పడుకున్నాక కూర్చొని చెప్పండి. "అమ్మా, నన్ను ఏమన్నా అనాలంటే నాతోని అను. పరీక్షలయ్యేదాక దాని ముంగట నా ఉద్యోగం ముచ్చట తియ్యకు." ఇలా చెప్తే చాలామంది తల్లులు వింటారు. వాళ్లకు కావాల్సింది పిల్లలు బాగుండటమే కాబట్టి.

తర్వాత చిన్నవాళ్లతో మీరు నిజం మాట్లాడాలి. మార్కుల విలువ ఎంతో అంతే చెప్పాలి. ఎక్కువ చెప్పి భయపెట్టొద్దు, తక్కువ చేసి తేలిగ్గా తీసేయొద్దు.

పదో తరగతి మెమో జీవితాంతం వెంట వస్తుంది. ఏ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినా పుట్టిన తేదీకి, పేరులోని అక్షరాలకు రుజువు అదే. అందుకే హాల్‌టికెట్ రాగానే పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ మీరే ఒకసారి సరిచూడండి. తపాలా శాఖ గ్రామీణ డాక్ సేవక్ పోస్టులు పదో తరగతి మార్కుల మెరిట్‌తోనే నింపుతున్నారు. బాసర ట్రిపుల్ఐటీ సీటుకు కూడా పదో తరగతి ఫలితమే ఆధారం. గల్ఫ్ సంగతి తెలిసిన మన ఇళ్లకు ఇంకొకటి చెప్తే బాగా అర్థమవుతుంది. పది పాసైనవాళ్ల పాస్‌పోర్టుకు ఈసీఆర్ ముద్ర ఉండదు. పది లేనివాళ్లు కూలి పనికి సౌదీ, యూఏఈ వంటి దేశాలకు వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ దగ్గర అనుమతి తీసుకోవాలి. ఆ తిప్పలు బాపుకు తెలిసే ఉంటాయి.

ఇంటర్ సంగతి కొంచెం వేరు. పాసవడం తప్పనిసరి. కానిస్టేబుల్‌కైనా, డిగ్రీకైనా అదే మెట్టు. ఇంజినీరింగ్ సీటుకు ఆ గ్రూప్ సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వుడు వర్గాలకు 40 శాతం ఉండాలి. అయితే ఒకప్పుడు ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు ఇచ్చిన 25 శాతం వెయిటేజీని మన రాష్ట్రంలో 2023లో ఎత్తేశారు. కాబట్టి వెయ్యికి 960 వచ్చాయా, 930 వచ్చాయా అని ఇంట్లో ఏడుపులు అక్కర్లేదు. గ్రూప్స్ రాసినప్పుడు ఆ ముప్పై మార్కుల గురించి ఎవరూ అడగరని మీకు తెలుసు. అమ్మకూ చెల్లెకూ తెలియదు. చెప్పండి.

చదువు రాని తల్లి కూడా చేయగలిగింది

"మాకేం తెల్సు బిడ్డా, మేం చదువుకోలే" అని అమ్మ పక్కకు తప్పుకొంటుంది. నిజానికి ఆమె చేయగలిగిన పెద్ద పని ఒకటుంది, వినడం.

2006లో అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. కొందరు విద్యార్థులు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. ఇంకొందరు చదివి, కాగితం పక్కన పెట్టి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే చూడకుండా గుర్తు చేసుకున్నవాళ్లకే ఎక్కువ గుర్తుంది. పుస్తకం మూసి చెప్పడమే అసలు చదువని మన పాత బడి పంతుళ్లు కూడా నమ్మారు.

అందుకే రోజుకు ఒక పావుగంట చెల్లెను అమ్మ ముందు కూర్చోబెట్టండి. అమ్మ బీడీలు చుడుతూనే ఉంటుంది. చెల్లె పుస్తకం మూసి, కిరణజన్య సంయోగక్రియ అంటే ఏమిటో అమ్మకు అర్థమయ్యేట్టు చెప్పాలి. అమ్మకు అర్థం కాకపోతే "ఇంకోపారి చెప్పు" అంటుంది. ఎక్కడ ఆగిపోయిందో అక్కడే మళ్లీ చదవాలి. దీనికి ట్యూషన్ ఫీజు లేదు. అమ్మకు కూడా నేనొక ఆసరా అయిన అనే తృప్తి.

మిగిలినవన్నీ చిన్న పనులే. కానీ ఎవరో ఒకరు పట్టించుకోవాలి.

నిద్ర: పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని వైద్యులు చెప్తారు. రాత్రి రెండు దాకా లైటు వెలిగితేనే చదువుతున్నట్టు అనుకునే ఇల్లు మారాలి. మీరు రాత్రిపూట చదివే రకమైతే, మీ లైటు వాళ్ల కళ్లల్లో పడకుండా చూసుకోండి.

ఫోన్ కాల్: సౌదీలో రాత్రి ఎనిమిదంటే మనకు పదిన్నర. డ్యూటీ దిగి, వంట చేసుకొని బాపు ఫోన్ చేసేసరికి ఇక్కడ పడుకునే వేళ. పరీక్షల నెలలో సెలవు రోజు పగటిపూట మాట్లాడమని చెప్పండి. మాట్లాడేటప్పుడు "ఎన్ని మార్కులొస్తయ్?" కాకుండా "ఇయ్యాల ఏం తిన్నవ్, ఏ పాఠం చదివినవ్?" అని అడిగితే చాలని కూడా చెప్పండి. అంత దూరం నుంచి ఆయన పంపగలిగిన ధైర్యం అదే.

సెంటర్: ఇంటర్ పరీక్ష ఉదయం 9 గంటలకు, పది పరీక్ష 9.30కి మొదలవుతుంది. ఊరి బస్సును నమ్ముకుంటే కష్టం. ముందు రోజే సెంటర్ చూసి రండి. మొదటి రోజైనా మీరే బండి మీద దింపి రండి. ఉద్యోగ పరీక్షకు ఒక్క నిమిషం ఆలస్యమైతే ఏమవుతుందో మీకంటే ఎవరికి బాగా తెలుసు?

రాసి వచ్చాక: కీ పట్టుకొని బిట్లు లెక్కపెట్టే పని పెట్టొద్దు. తర్వాతి పరీక్ష ముందుంది. అన్నం పెట్టి పడుకోనివ్వండి.

ఫలితం రోజు

అసలు పరీక్ష ఇంటికి ఆ రోజే.

2019 ఏప్రిల్ 18న వచ్చిన ఇంటర్ ఫలితాలను రాష్ట్రం మరచిపోకూడదు. మార్కుల నమోదులో తప్పులు బయటపడ్డాయి. తెలుగులో సున్నా పడిన ఒక అమ్మాయికి పేపర్ మళ్లీ చూస్తే 99 వచ్చాయి. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది. ఫెయిలైన వాళ్లందరి జవాబు పత్రాలను ఉచితంగా రీవెరిఫికేషన్ చేయించింది. అందులో వెయ్యి మందికి పైగా పాసయ్యారు. కానీ అప్పటికే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. స్క్రీన్ మీద కనబడే అంకె తప్పు కావచ్చు, మారవచ్చు, మళ్లీ రాయవచ్చు. ఆ మాట నమ్మకంగా చెప్పే మనిషి ఆ గంటలో పక్కనుండాలి.

కాబట్టి ఫలితం రోజు కోచింగ్ మానేసైనా ఇంట్లో ఉండండి. ఫలితం మీరు కూడా కలిసి చూడండి. చుట్టాల ఫోన్లు మీరే ఎత్తండి. "అవ్వ, పాసైంది, తర్వాత మాట్లాడుతది" అని పెట్టేయండి. తప్పితే బాపుకు ముందు మీరే ఫోన్ చేసి, ఏం అనాలో ఏం అనొద్దో చెప్పి, తర్వాతే పిల్లకు ఫోన్ ఇవ్వండి. దేశం కాని దేశంలో ఆయనకూ గుండె జారుతుంది. కోపం ఆ భయంలోంచే వస్తుంది.

ఆ తర్వాత దారులు లెక్కపెట్టి చూపించండి. రీకౌంటింగ్, రీవెరిఫికేషన్‌కు గడువు ఉంటుంది. పదికి, ఇంటర్‌కు అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ అదే ఎండాకాలంలో జరుగుతుంది కాబట్టి ఏడాది పోదు. తేదీలు, ఫీజులు కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఫెయిలైనవాళ్లకు ఓదార్పు మాటల కంటే, రేపు ఉదయం చేయాల్సిన పని ఒకటి ఉండటం ఎక్కువ బలం.

పిల్ల మాట్లాడటం మానేసినా, అన్నం వద్దన్నా, "నేను లేకుంటనే మంచిగుంటది" లాంటి మాట ఒక్కటి అన్నా తేలిగ్గా తీసుకోవద్దు. ఒంటరిగా వదలొద్దు. టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా, రాత్రి పగలు, ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడతారు. ఉద్యోగం రాలేదన్న బెంగ మీకే ఎక్కువైనా అదే నంబరు.

బడి, కాలేజీ చేయాల్సింది

భారమంతా ఇంటి మీద వేస్తే న్యాయం కాదు. తల్లిదండ్రుల సమావేశం పని దినాన మధ్యాహ్నం పెడితే బీడీల తల్లికి ఆ పూట కూలి పోతుంది. ముక్క లెక్కన కూలి వచ్చే పని అది. రాత్రి షిఫ్టు చేసి పడుకున్న సాంచాల కార్మికుడు ఎట్లా వస్తాడు? ఆదివారమో, సాయంత్రమో పెట్టాలి. గల్ఫ్‌లో ఉన్న తండ్రితో వీడియో కాల్‌లో మాట్లాడటానికి ఇవాళ అడ్డేముంది? అమ్మానాన్నల బదులు అన్నో అక్కో వస్తే పెద్దవాళ్లు రాలేదని తిప్పి పంపకుండా కూర్చోబెట్టి మాట్లాడాలి. సప్లిమెంటరీ, రీకౌంటింగ్ వివరాలు ఫలితాలకు ముందే తల్లిదండ్రులకు చెప్పాలి. ర్యాంకుల ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చులో కొంత కౌన్సెలర్‌కు పెడితే ఆ విద్యాసంస్థకూ పేరే.

బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే స్కాలర్‌షిప్ కూడా ఉంది. తరగతిని, కోర్సును బట్టి ఏటా వెయ్యి నుంచి పాతిక వేల రూపాయల దాకా వస్తుంది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. అమ్మ బీడీ కార్డు ఎక్కడుందో వెతికి పెట్టండి.

పరీక్షలయ్యాక ఒక రోజు చిన్నవాళ్లను వెంట తీసుకెళ్లి చూపించండి. పొలాసలో వ్యవసాయ కళాశాల, కోరుట్లలో పశువైద్య కళాశాల, కొండగట్టు దగ్గర నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల, సిరిసిల్లలో మెడికల్ కాలేజీ. అన్నీ బస్సు దూరమే. మార్కులు ఎందుకో ఒక గేటు చూస్తే అర్థమైనంతగా వంద తిట్లతో అర్థం కాదు.

మీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మీ చేతిలో లేదు. ఈ లోపు ఇంట్లో ఒకరికి మీరు చేయగలిగింది ఉంది. మీ పుస్తకం తీసే ముందు ఇవాళ రాత్రి ఒక పావుగంట చెల్లెతో పాఠం చెప్పించుకోండి. మధ్యలో తప్పు పట్టకుండా చివరిదాకా వినండి.