తిథికే పండుగ

దీపావళి వారాంతం చూసుకుని రాదు, ఆశ్వయుజ అమావాస్యకు వస్తుంది. 2024లో ఆ అమావాస్య అక్టోబరు 31 మధ్యాహ్నం మొదలై నవంబరు 1 సాయంత్రం దాకా సాగింది. పండుగ ఏ రోజన్నదానిపై పండితులకే ఏకాభిప్రాయం లేనప్పుడు, వీలున్న రోజు చేసుకుంటే తప్పేమిటని కొందరి వాదన. కానీ అక్కడ తేల్చుకోవలసింది ప్రదోషవేళ అమావాస్య ఏ రోజు నిండుగా ఉందనే. తెలంగాణలో సెలవు 31నే ఇచ్చారు.

బతుకమ్మ విషయంలో కాలం మరీ ముఖ్యం. భాద్రపద అమావాస్యకు మొదలయ్యే ఆ ఆటకు వానలు వెనకబట్టే వేళ పూసే తంగేడు, గునుగు కావాలి. వనస్థలిపురం వంటి నగర కాలనీల్లోనైనా అందరూ ఒకే సాయంత్రం వాకిట్లోకి వస్తేనే ఆట. అమెరికా తెలుగువాళ్లు శనివారం ఆడుకుంటే తప్పుపట్టను, అక్కడ సెలవు దొరకదు. ఇక్కడ షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్ల ఇబ్బంది నిజమే. వారికి ఆ సాయంత్రం కాస్త వెసులుబాటు ఇవ్వడం కంపెనీలకు పెద్ద భారమేమీ కాదు.