ప్రెస్టీజ్ ఖర్చు ఎవరిది?

‘ఇది ప్రెస్టీజ్ ఇష్యూ అయిపోయిందండీ’ అనే మాట వినని తెలుగువాడు ఉండడు. ఉప ఎన్నిక ప్రెస్టీజ్ ఇష్యూ, అమ్మాయి పెళ్ళి ప్రెస్టీజ్ ఇష్యూ, పిల్లాడి ఇంజినీరింగ్ సీటు ప్రెస్టీజ్ ఇష్యూ, ఆఖరికి జాతరలో పక్క వీధి కంటే పెద్ద డీజే పెట్టడం కూడా. ఉద్యోగమంతా కాకినాడ, తాళ్లరేవు వైపు హైస్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి, ఈ మాట పుట్టుపూర్వోత్తరాలు కాస్త విప్పుతాను.

ఇది గారడీవాడి సంచిలోంచి వచ్చిన మాట. లాటిన్‌లో ‘ప్రైస్టిగియై’ అంటే గారడీలు, మాయలు. దాని మూలంలో ఉన్నది కట్టేయడం, కళ్ళు బైర్లు కమ్మించడం. మన ‘కనికట్టు’ కూడా చేసే పని అదే. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరాక కూడా దాని బుద్ధి మారలేదు. 1656లో థామస్ బ్లౌంట్ అనే లాయరు కఠిన పదాలకు ‘గ్లాసోగ్రాఫియా’ అనే నిఘంటువు వేశాడు. అందులో ఈ మాటకిచ్చిన అర్థాలు మోసం, దగా, మాయ. ఆ రోజుల్లో ఎవరినైనా ప్రెస్టీజ్ ఉన్న మనిషి అంటే తగువు పడాల్సిందే.

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో నెపోలియన్ పుణ్యమా అని దీని దశ తిరిగింది. ఆ మనిషి చుట్టూ ఉన్న మిరుమిట్లకు ఈ మాట వాడటం మొదలుపెట్టారు. మొదట్లో అందులో ఎత్తిపొడుపు ఉండేది, ఇదంతా భ్రమే సుమా అని. పోను పోను ఎత్తిపొడుపు రాలిపోయి మిరుమిట్లు మిగిలాయి.

ఆ మిరుమిట్ల మీదే తెల్లదొరలు మనల్ని ఏలారు. పిడికెడు మంది కోట్లమందిని ఏలాలంటే తుపాకులొక్కటే చాలవు, దొర తడబడటం ఎవరి కంటా పడకూడదు. ఈ గుట్టు విప్పినవాడు జార్జ్ ఆర్వెల్. బీహార్‌లోని మోతీహారిలో పుట్టి, 1920లలో బర్మాలో పోలీసు అధికారిగా పనిచేశాడు. 1936లో అచ్చయిన ‘షూటింగ్ యాన్ ఎలిఫెంట్’ వ్యాసంలో మౌల్మీన్ ఊళ్ళో జరిగిన కథ చెప్పాడు. మదమెక్కిన ఏనుగు గొలుసు తెంపుకుని ఊరి మీద పడింది. గుడిసె కూల్చింది, ఆవును చంపింది, ఒక కూలీని బురదలో తొక్కేసింది. దొరగారు చేరేసరికి మదం దిగి పొలంలో గడ్డి పీక్కుంటోంది. చంపక్కర్లేదని ఆయనకు తెలుసు. కానీ వెనక రెండు వేల మంది జనం. తుపాకీ తెప్పించుకున్న దొర ఊరికే వెనుదిరిగితే నవ్వుతారు. కాల్చాడు. ఏనుగు ప్రాణం పోవడానికి అరగంట పట్టింది.

తర్వాత ఊళ్ళో తెల్లవాళ్ళు వాదులాడుకుంటారు. ఓ ‘కోరంగీ’ కూలీ కోసం అంతకంటే విలువైన ఏనుగును చంపుతారా అని కుర్రదొరలు తప్పుపడతారు. ఆ కోరంగీ ఎవరో మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. తాళ్లరేవు పక్కన, మడ అడవుల అంచున ఉన్న కోరంగి. 1839 తుపాను ముంచెత్తక ముందు పేరున్న రేవు. ఈ తీరం నుంచి ఓడలెక్కిన తెలుగు కూలీలకు బర్మాలో ఆ ఊరి పేరే స్థిరపడింది. రంగూన్‌ను మనవాళ్ళు ‘రంగం’ అనేవారు. ‘రంగం వెళ్ళాడు’ అంటే పొట్టకూటికి సముద్రం దాటాడని. ఏనుగు తొక్కిన మనిషికి వ్యాసంలో పేరు లేదు. అతని చావు తనకు చట్టం ముందు మంచి సాకుగా కలిసొచ్చిందని రచయితే ఒప్పుకుంటాడు. దొర ప్రెస్టీజ్ నిలిచింది. ఏనుగు ప్రాణం, దాని యజమాని సొమ్ము పోయాయి.

ప్రెస్టీజ్ లెక్క ఇప్పటికీ అంతే. చూసేవాళ్ళు ఒకరు, కట్టేవాళ్ళు ఇంకొకరు. మొన్న మాఘమాసంలో మా వీధి రైతు కూతురి పెళ్ళికి ఏసీ ఫంక్షన్ హాలు, డ్రోన్ కెమెరా, ఎల్ఈడీ స్క్రీన్ అన్నాడు. ‘ఎందుకయ్యా ఇంత?’ అంటే, ‘వియ్యాలవారి ముందు మన ప్రెస్టీజ్ ఏం కావాలి మాస్టారూ!’ అన్నాడు. అరెకరం అమ్మాడు. స్టేజీకి కట్టిన పూలు తెల్లారేసరికి చెత్త ట్రాక్టరెక్కాయి. వచ్చినవాళ్ళు బిర్యానీలో ఉప్పెక్కువైందని చెప్పుకుంటూ వెళ్ళారు. ఆ అరెకరం సాగు చేసుకుందామనుకున్న చిన్నకొడుకు హైదరాబాద్‌లో బైకు మీద పార్సిళ్ళు అందిస్తున్నాడు.

ఉప ఎన్నికలూ ఈ బాపతే. ఒక్క సీటు కోసం మంత్రులంతా అక్కడే మకాం వేస్తే, ఇక్కడ ఫైలు కదలక పింఛను కోసం తిరిగే ముసలమ్మ కడుతుంది ఆ ఖర్చు.

అలాగని మనిషికి గౌరవం వద్దనను. అదే సామ్రాజ్యానికి నౌకరీ చేసిన కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాడు. ఆయన విగ్రహాలకు డెల్టా ఊళ్ళలో ఇవాళ్టికీ దండలు పడుతున్నాయి. చేలోకి వచ్చిన నీళ్ళు తెచ్చిపెట్టిన పేరు అది, దానికి మిరుమిట్లతో పని లేదు.

అందుకే, ఇంట్లో గానీ పార్టీ ఆఫీసులో గానీ ఎవరైనా ప్రెస్టీజ్ ఇష్యూ అన్నప్పుడు ‘ఎంతవుతుంది’ అని కాకుండా ‘ఎవరికవుతుంది’ అని అడగండి. ఆ కట్టేవాడికి కూడా మాటల్లో ఒక కుర్చీ వేయండి. మా వీధి పెళ్ళి మాటల్లో చిన్నకొడుకును కూర్చోబెట్టి ఉంటే, పెళ్ళి ఏ గుళ్ళోనో ముచ్చటగా జరిగేది, అరెకరమూ మిగిలేది.