జాడీలు నింపేముందు నాలుగు ప్రశ్నలు

ఇంట్లో పచ్చళ్ళు చేసి అమ్ముదామనుకుంటున్నారా? అప్పు తెచ్చి జాడీలు నింపేముందు, ఇరుగుపొరుగుకి కాస్త రుచి చూపించి వాళ్ళ మాట కనుక్కోండి. ఫోన్లో చాట్‌జీపీటీనో, జెమినీనో తెరిచి "గోంగూర పచ్చడి రుచి చూసినవారిని అడగడానికి ఆరు ప్రశ్నలు తెలుగులో రాయి" అంటే క్షణాల్లో రాసిస్తుంది. అయితే వచ్చింది వచ్చినట్టు వాడేయకండి. "ఉప్పూ కారం సరిపోయాయా?" అని ఉంటే రెండుగా విడగొట్టండి. ఒకటి సరిపోయి ఇంకోటి ఎక్కువైతే పాపం ఏమని చెబుతారు? "మా కమ్మని పచ్చడి నచ్చిందా?" అంటే మొహమాటానికి అవుననేస్తారు. "కమ్మని" తీసేయండి. తర్వాత వాటిని గూగుల్ ఫారమ్స్‌లో పెట్టి (డబ్బు కట్టక్కర్లేదు) లింకు వాట్సాప్‌లో పంపండి. పేరు, ఫోన్ నంబరు అడక్కండి, అప్పుడే ఉన్నమాట చెబుతారు. జవాబులు మాత్రం మనుషులవే కావాలి సుమా! యంత్రానికి నాలుక లేదు కదా!